మెల్‌బోర్న్ దగ్గర మౌంటెన్ యాష్ చెట్టును చూసి రావడం ఎలా?

చలికాలం రాగానే మెల్‌బోర్న్‌లో ఉండే మన తెలుగువాళ్లు పిల్లలకు మంచు చూపిద్దామని కారెక్కించి మౌంట్ డోనా బ్వాంగ్‌కు బయల్దేరతారు. వార్బర్టన్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. రెండు పక్కలా తెల్లటి మానులు, ఒక్కొక్కటి మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు. వాటి మధ్య నుంచే వెళ్లి, మంచులో ఆడుకుని, ఫొటోలు దిగి, అదే దారిలో ఇంటికొస్తారు. నేనూ మొదటి రెండేళ్లు అలాగే వెళ్లొచ్చాను. మూడో ఏడు నాన్న ఊరి నుంచి వచ్చారు. ఖమ్మం జిల్లాలో మాకు నాలుగెకరాల జామాయిల్ తోట ఉంది. ఆయన కారు ఆపమని దిగి, ఒక మాను మీద అరచెయ్యి ఆనించి, తలెత్తి చాలాసేపు చూశారు. "ఇది కూడా జామాయిలేరా?" అన్నారు.

అవును, ఆ జాతిదే. ఆ రోజు నుంచి ఆ చెట్టు కోసమే వెళ్లడం మొదలుపెట్టాను. మీరూ వెళ్లాలనుకుంటే ఎక్కడికి, ఎప్పుడు, ఎలా వెళ్లాలో, వెళ్లాక ఏం చూడాలో చెబుతాను.

ముందు పేరు తేల్చుకోండి

శాస్త్రీయ నామం యూకలిప్టస్ రెగ్నన్స్. 1871లో ఫెర్డినాండ్ ఫాన్ మ్యుల్లర్ అనే వృక్షశాస్త్రవేత్త పెట్టిన పేరు. రెగ్నన్స్ అంటే లాటిన్‌లో 'ఏలుతున్నది' అని అర్థం. విక్టోరియాలో దీన్ని మౌంటెన్ యాష్ అంటారు, టాస్మానియాలో స్వాంప్ గమ్ అంటారు. యూరప్‌లో యాష్ అని వేరే చెట్టు ఉంది, దానికీ దీనికీ చుట్టరికం లేదు. కలప చూడటానికి అలా ఉంటుందని వలస వచ్చినవాళ్లు ఆ పేరు పెట్టేశారు.

మన నీలగిరి తైలం దీని నుంచి రాదు. ఊటీ కొండల్లో నూనె తీసేది బ్లూ గమ్ ఆకు నుంచి. అదీ ఈ దేశం నుంచి వచ్చిందే, టాస్మానియా రాష్ట్ర పుష్పం కూడా దానిదే. మౌంటెన్ యాష్ గొప్పతనం ఎత్తులో ఉంది, పెరిగే వేగంలో ఉంది, నిప్పుతో దానికున్న సంబంధంలో ఉంది.

ఎత్తు సంగతి. టాస్మానియా దక్షిణాన 2008లో ఒక చెట్టును గుర్తించి సెంచూరియన్ అని పేరు పెట్టారు. అప్పుడు కొలిస్తే 99.6 మీటర్లు, 2018లో కొలిస్తే 100 మీటర్లు దాటింది. 2019 కార్చిచ్చులో దాని మొదలు బాగా కాలినా చెట్టు బతికింది. ప్రపంచంలో ఇంతకంటే ఎత్తైనవి కాలిఫోర్నియా రెడ్‌వుడ్లు, వాటిలో హైపీరియన్ అనేది 115 మీటర్లు దాటింది. కానీ రెడ్‌వుడ్ పువ్వు పూయదు. పూలు పూసే చెట్లలో మాత్రం మౌంటెన్ యాష్‌కు పోటీ వచ్చేది ఒక్క బోర్నియో అడవుల్లోని ఎల్లో మెరాంటీయే.

వార్బర్టన్ దగ్గర 1930ల్లో నాటిన రెడ్‌వుడ్ తోటకు మనవాళ్లు బాగా వెళ్తారు, పెళ్లి ఫొటోలు కూడా అక్కడ తీయించుకుంటారు. వరసలు తీరిన చెట్లు కాబట్టి ఫొటోలు బాగానే వస్తాయి. అయితే అది పరదేశం నుంచి తెచ్చి నాటిన తోట. ఈ నేల తనంతట తాను పెంచుకున్న చెట్టు అక్కడికి పది నిమిషాల దూరంలోనే ఉంది. వెళ్లినరోజు రెండూ చూడండి.

ఎక్కడికి వెళ్లాలి

ఈ చెట్టు ఎక్కడ పడితే అక్కడ బతకదు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడాలి, లోతైన మెత్తటి మట్టి ఉండాలి, వేసవిలో కూడా గాలి చల్లగా ఉండాలి. విక్టోరియాలో సాధారణంగా సముద్రమట్టానికి 200 నుంచి 1000 మీటర్ల ఎత్తులో, తేమ నిలిచే లోయల్లో పెరుగుతుంది. అందుకే డాండెనాంగ్ కొండల్లో, యారా లోయ వెనక కొండల్లో, ఓట్వేలో, గిప్స్‌లాండ్‌లో కనిపిస్తుంది గానీ మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో కనిపించదు.

కారు లేనివాళ్లు షెర్‌బ్రూక్ అడవికి వెళ్లండి. ఫ్లిండర్స్ స్ట్రీట్‌లో బెల్‌గ్రేవ్ రైలెక్కితే గంట దాటాక చివరి స్టేషన్‌లో దిగుతారు. పఫింగ్ బిల్లీ అనే పాతకాలపు ఆవిరి రైలు మొదలయ్యేదీ అక్కడే. స్టేషన్ నుంచి నడుచుకుంటూ అడవిలోకి వెళ్లిపోవచ్చు. కారుంటే కలిస్టాలో గ్రాంట్స్ పిక్నిక్ గ్రౌండ్ దగ్గర ఆపుకోండి. అక్కడి హార్డీ గల్లీ దారి చిన్నది, అమ్మానాన్నలు కూడా నడవగలరు.

నడవలేని పెద్దవాళ్లు ఉంటే బ్లాక్ స్పర్ మంచిది. హీల్స్‌విల్ నుంచి నార్బెథాంగ్ వెళ్లే హైవే ఆ చెట్ల మధ్య నుంచే వెళ్తుంది, కార్లో కూర్చునే చూడొచ్చు. ఒక్క మాట: ఆ రోడ్డు మలుపుల్లో కారు ఆపకండి. పక్కన ఆపుకోవడానికి వదిలిన చోట్లు ఉన్నాయి, అక్కడే ఆపండి.

మంచు కోసం డోనా బ్వాంగ్ వెళ్తున్నవాళ్లు దారిలో సిమెంట్ క్రీక్ దగ్గరి రెయిన్‌ఫారెస్ట్ గ్యాలరీలో ఆగితే చాలు. చెట్ల మధ్య గాలిలో కట్టిన నడకదారి ఉంటుంది. నేల మీద నుంచి చూసేదానికీ అక్కడి నుంచి చూసేదానికీ చాలా తేడా.

టాస్మానియా ట్రిప్ ప్లాన్ చేసుకుంటే మౌంట్ ఫీల్డ్ నేషనల్ పార్క్‌లో టాల్ ట్రీస్ వాక్ వదులుకోకండి. రస్సెల్ జలపాతం చూసి అందరూ వెనక్కి వస్తారు, ఆ దారి అక్కడికి దగ్గరే.

ఎప్పుడు వెళ్లాలి, ఏం చూసుకోవాలి

గాలి వీచే రోజు వెళ్లకండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. అరవై మీటర్ల పైనుంచి కొమ్మ విరిగి పడితే తప్పుకునే టైం ఉండదు. చెట్టు కింద దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు విప్పే అలవాటు మనకు ఉంది కదా, అది పిక్నిక్ గ్రౌండ్ ఖాళీ స్థలంలోనే చేయండి.

వేసవిలో వెళ్తే ముందురోజు రాత్రీ, పొద్దున్నా ప్రమాద హెచ్చరికలు చూపించే విక్‌ఎమర్జెన్సీ యాప్ చూడండి. నిప్పు ప్రమాదం ఎక్కువగా ఉన్న రోజుల్లో పార్కులు మూసేస్తారు. మూయకపోయినా అలాంటి రోజు అడవికి వెళ్లొద్దు. పిల్లలతో వెళ్లి పొగ వాసన వచ్చాక పడే టెన్షన్ ఎవరికీ వద్దు.

నాకు నచ్చింది జూన్, జులై. చలి కొరికేస్తుంది నిజమే, కానీ అప్పుడే లైర్ బర్డ్ మగపక్షి బాగా పాడుతుంది. మిగతా పిట్టల కూతలన్నీ అది అనుకరిస్తుంది. ఒకే పొద మాటు నుంచి ఏడెనిమిది రకాల కూతలు వరసగా వినిపిస్తే అది ఒక్క పక్షే అనుకోండి. సూర్యుడు అయిదింటికల్లా దిగిపోతాడు, లోయలో ఇంకా ముందే చీకటి పడుతుంది. పొద్దున్నే బయల్దేరండి.

షూస్ పట్టు ఉన్నవి వేసుకోండి. ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోండి, తడి నేల మీద జలగలు ఉంటాయి. కొన్ని చోట్ల దారి మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే బ్రష్ పెడతారు. మట్టితో పాటు చెట్ల వేళ్లకు పట్టే తెగులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకకుండా ఆ ఏర్పాటు. రెండు నిమిషాలు ఆగి రుద్దుకోండి.

చెట్టును ఎలా గుర్తుపట్టాలి

అడవిలో అన్నీ పొడుగు చెట్లే కనిపిస్తాయి. కంగారు పడకుండా మొదలు నుంచి పైకి చూసుకుంటూ వెళ్లండి.

మొదట బెరడు. మౌంటెన్ యాష్ కింది భాగం గోధుమరంగులో, పీచుపీచుగా, కొబ్బరిపీచు చుట్టినట్టు గరుకుగా ఉంటుంది. ఈ గరుకు మొదట్లో అయిదు నుంచి పదిహేను మీటర్ల దాకా ఉండి ఆగిపోతుంది. అక్కడి నుంచి చిటారు దాకా నున్నగా తెల్లగా, కొన్నిచోట్ల బూడిద, లేత ఆకుపచ్చ కలిసి ఉంటుంది. వాన పడినప్పుడు ఆ నునుపు మీద నీళ్లు జారుతుంటే తడి సిల్కులా మెరుస్తుంది. నున్నటి భాగం నుంచి ఊడిన బెరడు పొడవాటి పట్టీల్లా కొమ్మల మొదళ్లకు వేలాడుతుంటుంది. కొంచెం గాలి తగిలినా అవి మానుకు కొట్టుకుని టకటకమంటాయి. ఆ శబ్దం ఒకసారి విన్నాక తలెత్తకుండానే ఏ చెట్టు కింద ఉన్నారో తెలిసిపోతుంది.

పొరబడే అవకాశం ఉన్నవి రెండు, అవీ యూకలిప్టస్ రకాలే. గరుకు బెరడు కొమ్మల దాకా పాకి ఉంటే అది మెస్‌మేట్. మానులో సగానికి పైగా గరుకుగా ఉండి, మీరు ఇంకా ఎత్తైన, మంచు కురిసే చోట ఉంటే అది ఆల్పైన్ యాష్.

తర్వాత కింద రాలినవి చూడండి. ఆకు కొడవలిలా వంగి, జానెడుకు లోపే ఉంటుంది. ఆకు మొదట్లో రెండు అంచులూ ఒకేచోట కలవవు, ఒకటి కాస్త కిందికి దిగుతుంది. కాయలు చిన్న గరాటు ఆకారంలో, సెంటీమీటరు కూడా ఉండవు. రెమ్మ దొరికితే ఇంకా మంచిది. ఒక ఆకు చంకలో మొగ్గల గుత్తులు జంటగా రావడం దీని గుర్తు. చూసి, ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి. నేషనల్ పార్కులో కాయ కూడా జేబులో వేసుకోకూడదు.

ఆ కాయను అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకి చూడమని పిల్లలకు చెప్పండి. మా అమ్మాయి అలా రెండు మూడు సార్లు కిందికీ పైకీ చూసి, "నాన్నా, ఇందులోంచి అది వచ్చిందా?" అని అడిగింది. కాయలో గింజ ఇంచుమించు ఆవగింజంతే.

ఎత్తు మీరే కొలవండి

పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది, ట్రిగొనామెట్రీ ఎందుకో కూడా అర్థమవుతుంది.

ఇంట్లోనే టేపు పెట్టి మీ పది అడుగులకు ఎన్ని మీటర్లు వస్తుందో చూసుకోండి. ఫోన్‌లో కోణం చూపించే యాప్ వేసుకోండి. అడవిలో చెట్టు మొదలూ మీరూ ఒకే మట్టంలో ఉండేలా, చిటారు కనిపించే చోటు వెతుక్కోండి. వాలు మీద కిందికో పైకో నిలబడితే లెక్క తప్పుతుంది. అక్కడి నుంచి చెట్టు దాకా అడుగులు లెక్కపెట్టండి. తిరిగొచ్చి ఫోన్ అంచును చిటారు వైపు గురిపెట్టి కోణం చూడండి.

కోణం 45 డిగ్రీలైతే మీ దూరమే చెట్టు ఎత్తు. 50 అయితే దూరాన్ని 1.19తో, 55 అయితే 1.43తో, 60 అయితే 1.73తో గుణించండి. చివర్లో మీ కంటి ఎత్తు కలపండి. 40 మీటర్ల దూరంలో 60 డిగ్రీలు వచ్చిందనుకోండి: 40ని 1.73తో గుణిస్తే 69, కంటి ఎత్తు ఒకటిన్నర కలిపితే 70 మీటర్లు దాటింది.

చిటారు అనుకుని మీ వైపు వంగిన కొమ్మను కొలిస్తే ఎత్తు ఎక్కువ వస్తుంది. రెండు మూడు వైపుల నుంచి కొలిచి తక్కువ వచ్చినదాన్నే నమ్మండి. పాత రోజుల్లో చెప్పిన కొలతలు చాలావాటిని నమ్మడం కష్టం. 1872లో వాట్స్ నది దగ్గర పడిపోయిన మాను 435 అడుగులని ఒక రిపోర్టులో రాశారు, దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. థోర్ప్‌డేల్‌లో 1880ల్లో నరికిన చెట్టును మాత్రం సర్వేయరు కొలిచి 375 అడుగులన్నారు, అంటే 114 మీటర్లు. అలాంటివి ఎన్ని నరికేశారో తలుచుకుంటే బాధేస్తుంది.

అడవి వయసు ఎలా చదవాలి

ఎత్తు చూసి వెనక్కి వచ్చేస్తే సగమే చూసినట్టు. అసలు చూడాల్సింది వయసు.

మన జామాయిల్ కొట్టేస్తే మొద్దు నుంచి పిలకలు వస్తాయి. చాలా యూకలిప్టస్ చెట్లు మంటలో మాడినా మళ్లీ చిగురిస్తాయి. మౌంటెన్ యాష్‌కు ఆ శక్తి దాదాపు లేదు. పెద్ద మంట వస్తే చచ్చిపోతుంది. అయితే దాని గింజలు కొమ్మల చివర కాయల్లో భద్రంగా ఉంటాయి. మంట వేడికి కాయలు విచ్చుకుని, కింద చల్లారుతున్న బూడిద మీద గింజలు ఒక్కసారిగా కురుస్తాయి. మామూలు రోజుల్లో రాలిన గింజల్ని చీమలే తినేస్తాయి. అప్పుడు మాత్రం చీమలు తినలేనన్ని పడతాయి. పైన నీడ ఉండదు, నేల ఎండకు తెరుచుకుని ఉంటుంది. ఒక హెక్టారులో పాతిక లక్షల మొలకలు లెక్కపెట్టిన సందర్భం ఉంది. వెలుతురు కోసం పోటీలో మిగతావన్నీ పోయి, అడవి ముదిరేసరికి హెక్టారుకు వంద కూడా మిగలవు. మిగిలినవి ఏడాదికి మీటరు పైగా ఎగబాకి, 50 ఏళ్లకు 65 మీటర్లు అందుకోగలవు.

అందుకే ఈ అడవిలో పక్కపక్కన ఉన్న చెట్లన్నీ తరచూ ఒకే ఈడువి. బ్లాక్ స్పర్ మీద చూడండి, ఒకేరోజు నాటిన తోటలా అన్నీ ఒకే లావు. అవి 1939 జనవరి 13న వచ్చిన 'బ్లాక్ ఫ్రైడే' మంటల తర్వాత మొలిచినవి. అక్కడి నుంచి మేరీస్‌విల్ వైపు వెళ్తే 2009 ఫిబ్రవరి 7న, 'బ్లాక్ శాటర్‌డే' రోజు కాలిన కొండలు వస్తాయి. ఆ మంటల్లో 173 మంది చనిపోయారు. ఎండిన తెల్లటి మోడుల కింద దట్టంగా పెరుగుతున్నవి ఆ తర్వాత మొలిచినవే.

ఆ లేత చెట్ల దగ్గర కాసేపు నిలబడండి. ఈ చెట్టు గింజ పట్టడానికి 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఆలోపు మళ్లీ మంట వస్తే రాలడానికి గింజే ఉండదు, ఆ చోట తుమ్మజాతి చెట్లు పాకుతాయి. 2009లో మొలిచినవి ఇప్పుడిప్పుడే ఆ వయసుకు వస్తున్నాయి. వేసవి వచ్చిందంటే నాకు వాటి గురించే బెంగ.

ముసలి చెట్టు కావాలంటే తొర్ర కోసం చూడండి. నాలుగైదు వందల ఏళ్లు బతకగల చెట్టు ఇది. తొర్ర పడటానికే వందేళ్లు దాటాలి. లెడ్‌బీటర్స్ పాసమ్ అనే చిన్న జంతువు, గుప్పెడంత ఉంటుంది, ఆ తొర్రల్లోనే కాపురం ఉంటుంది. అంతరించిపోయిందనుకున్న ఆ జీవి 1961లో కేంబర్‌విల్ దగ్గర మళ్లీ కనపడింది, ఇప్పుడు విక్టోరియా రాష్ట్ర జంతువు అదే. రాత్రి తిరిగేది కాబట్టి మీకు కనపడదు. దాని ఇల్లు మాత్రం కనపడుతుంది.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. జామాయిల్ భూమిలో నీళ్లు తాగేస్తుందని మన ఊళ్లలో గొడవ ఉంది కదా. ఇక్కడా అలాంటి లెక్కే తేలింది. ముదురు అడవి నీళ్లను కొండవాగులకు వదులుతుంది, మంట తర్వాత పెరిగే లేత అడవి ఎక్కువ తాగుతుంది. పాతిక, ముప్పై ఏళ్ల వయసులో వాగుల్లో పారే నీరు సగానికి పడిపోవచ్చు. మెల్‌బోర్న్ తాగునీటిలో చాలా భాగం ఈ కొండల నుంచే వస్తుంది. అందుకే కొన్ని లోయల్లోకి ఎవర్నీ రానివ్వరు. గేటు మీద బోర్డు కనిపిస్తే దాటకండి. అలా మూసి ఉంచిన ఓషానసీ లోయ ముదురు అడవిలో హెక్టారుకు 1,867 టన్నుల కార్బన్ ఉందని 2009లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అప్పటిదాకా ప్రపంచంలో ఏ అడవిలోనూ అంత దొరకలేదు.

ఇంటికొచ్చాక నేల చూడండి

ఈ చెట్టు కలప మీ కాళ్ల కిందే ఉండొచ్చు. ఇక్కడి ఇళ్లలో 'విక్ యాష్', 'టాస్మేనియన్ ఓక్' అనే పేర్లతో వచ్చే చెక్క నేలలు, మెట్లు, డైనింగ్ టేబుళ్లు దీనివీ దీని దాయాదులవీ. టాస్మేనియన్ ఓక్ అంటే ఓక్ కాదు, మూడు రకాల యూకలిప్టస్ కలపలకు పెట్టిన వ్యాపార పేరు. లేత గడ్డిరంగు నుంచి గులాబీ గోధుమ దాకా ఉంటుంది, గీతలు నిటారుగా ఉంటాయి. ఇంటి లోపలికి చక్కటి కలప. మట్టిలో పాతిపెట్టే గుంజలకు పనికిరాదు, తొందరగా పుచ్చుతుంది. పచ్చి కలప ఆరేటప్పుడు లోపల్లోపల ముడుచుకుపోతుంది కాబట్టి మిల్లుల్లో ఆవిరి పట్టి మళ్లీ సరిచేస్తారు.

విక్టోరియా ప్రభుత్వ అడవుల్లో సహజంగా పెరిగిన చెట్లను కలప కోసం నరకడం 2024 జనవరి 1తో ఆపేశారు. టాస్మానియాలో ఇంకా నరుకుతున్నారు. కాబట్టి కొత్త టేబుల్ కొనేముందు కలప ఎక్కడిదని షాపులో అడగండి. నన్నడిగితే పాతది కొనడమే మేలు. ఇళ్లు పడగొట్టినప్పుడు తీసిన చెక్క అమ్మే యార్డులు ఉన్నాయి, ఇసక కాగితం పట్టి నూనె రాస్తే కొత్తదానికంటే బాగుంటుంది.

ఆరోజు కొండ దిగుతుంటే నాన్న ఇంకో ప్రశ్న అడిగారు. "మనం నాలుగేళ్లకు కొడతాం. వీళ్లు దీన్ని ఎన్నేళ్లకు కొడతారు?" ఇక్కడ ఇక కొట్టరు నాన్నా, అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే, "శనివారం మళ్లీ వెళ్దాం, ఈసారి అమ్మను కూడా తీసుకెళ్దాం" అన్నారు.